తోకన తొక్కే మనిషి

సైకిలు క్లబ్బు పెట్టడం చాలా తేలిక. పదిమంది ఒక వాట్సాప్ గ్రూపులో చేరి, దానికో ఇంగ్లీషు పేరు తగిలించి, ఒకే రంగు టీషర్టులు కుట్టించుకుంటే క్లబ్బు అయిపోయినట్టే. నిలబెట్టుకోవడమే కష్టం. మొదటి ఆదివారం ఇరవైమంది వస్తారు. రెండో ఆదివారం పన్నెండు మంది. నెల తిరిగేసరికి మిగిలేది నలుగురు. ఆ నలుగురూ ఎవరో చూడకుండానే చెప్పొచ్చు, అందరికంటే వేగంగా తొక్కేవాళ్ళు. మిగతావాళ్ళకి బద్ధకమనీ, తెల్లారి లేవలేరనీ ఆ నలుగురూ టీ తాగుతూ చెప్పుకుంటారు. నేనైతే నమ్మను. మానేసినవాళ్ళలో ఎక్కువమంది మొదటి రోజే ఎదురుగాలిలో, ముందువాళ్ళ వీపులు కూడా కనపడని రోడ్డు మీద ఒంటరిగా మిగిలినవాళ్ళు. ఒక్కణ్ణే తొక్కుకునేదానికి క్లబ్బెందుకు అనుకున్నారు, మానేశారు. వాళ్ళనుకున్నదాంట్లో తప్పేముంది?

ఈ అధ్యాయం ఒక్క రోజు ప్రయాణం గురించి. నెల్లూరు నుంచో గూడూరు నుంచో పదిపన్నెండు మంది సైకిళ్ళేసుకుని మనుబోలు పల్లెల్లో తిరిగి, మధ్యాహ్నం భోజనం వేళకి ఇళ్ళు చేరడం. ఘాట్ రోడ్లు లేవు, అడవి లేదు, సాహసం అంతకన్నా లేదు. ఇంత చిన్న పనికి ఒక అధ్యాయమా అనిపించొచ్చు. కానీ మనకంటే నిదానమైన మనిషితో ఒక పూటంతా విసుక్కోకుండా గడపడం మనలో చాలామందికి రాని విద్య. ఇంట్లో రాదు, ఆఫీసులో రాదు. సైకిలు మీద మాత్రం కొంచెం తొందరగా పట్టుబడుతుంది. ఎందుకంటే అక్కడ మన వేగమూ ఎదుటివాడి వేగమూ రెండూ కళ్ళెదుటే ఉంటాయి, సాకులు చెప్పుకోవడానికి చోటుండదు.

పందెం పెట్టినాయనే ఇదీ పెట్టాడు

టూర్ ద ఫ్రాన్స్ పేరు మీరు వినే ఉంటారు. 1903లో ఆ పందెం మొదలుపెట్టినవాడు ఆన్రీ దెగ్రాంజ్ అనే పత్రికా సంపాదకుడు. మనిషన్నవాడి చివరి బొట్టు ఓపిక కూడా పిండితే తప్ప ఆయనకి తృప్తి ఉండేది కాదు. ఆ మరుసటి ఏడే, 1904లో, ఆయన ఫ్రాన్సులో ‘ఆడాక్స్’ ప్రయాణాలు ప్రోత్సహించాడు. ఇవి పందేలు కావు. అందరూ గుంపుగా వెళ్ళాలి, ముందు ఒక కెప్టెన్ ఉంటాడు, అతణ్ణి దాటి ఎవరూ పోకూడదు. వేగం ముందే ఖాయం. ఆ పద్ధతి ఇప్పటికీ ఉంది. నేటి లెక్క ప్రకారం కదులుతున్నంతసేపూ గంటకి 22.5 కిలోమీటర్లు. దానికంటే వేగంగా తొక్కగలిగిన వాడు తన కాళ్ళని ఆపుకోవాలి, తొక్కలేనివాడికి గుంపు ఊతమిస్తుంది.

తర్వాత 1921లో పారిస్ క్లబ్బు ఒకటి విడిగా ఇంకో పద్ధతి తెచ్చింది. ఎవరి వేగం వారిది, గడువులోపల చేరితే చాలు. ఇవాళ హైదరాబాదులోనూ చెన్నైలోనూ మనవాళ్ళు తొక్కుతున్న ‘బ్రెవే’లు ఈ రెండో రకం. 200 కిలోమీటర్లకి పదమూడున్నర గంటలు, 300కి 20, 600కి 40 గంటలు. తిండీ నిద్రా పంక్చర్లూ అన్నీ ఆ గంటల్లోనే. హైదరాబాద్ బైసిక్లింగ్ క్లబ్బు 2007లో మొదలైంది. ఆ తర్వాతే మన రెండు రాష్ట్రాల్లో ఈ సరదా బాగా పాకింది. బ్రెవేలు గొప్పవే, కాదనను. కానీ కొత్తగా పుట్టిన ఊరి క్లబ్బు ఆ రెండో పద్ధతిని నెత్తిన పెట్టుకుంటే చిల్లులు పడ్డ బుడ్డిలో నీళ్ళు పోసినట్టే. కనీసం ఒక ఏడాదిపాటు మొదటి పద్ధతే పాటించండి. గంటకి ఇరవై రెండున్నర కాదు, పదిహేను చాలు.

కాలం, గాలి

నెల్లూరు జిల్లాలో తిరగదలిస్తే ముందు క్యాలెండరు చూడాలి. మనకి వానలు తక్కిన ఆంధ్రదేశంలా జూన్‌లో రావు. అసలు వాన ఈశాన్య ఋతుపవనంతో అక్టోబరు, నవంబరు, డిసెంబరు నెలల్లో పడుతుంది. తుఫాను పట్టిందంటే వాగులు ఒక్క రాత్రిలో రోడ్డెక్కుతాయి. 2015 నవంబరు వానలకి నెల్లూరుకీ గూడూరుకీ మధ్య జాతీయ రహదారి మీదికే నీళ్ళొచ్చి రాకపోకలు ఆగాయి. హైవే గతే అదైతే పల్లె చప్టాల సంగతి చెప్పాలా? చప్టా మీద మోకాటి లోతు నీళ్ళు పారుతుంటే దిగి చూద్దామనే కుర్రాడు ప్రతి గుంపులోనూ ఒకడుంటాడు. వాడి సైకిలు తాళం వేసి, తాళంచెవి మీ జేబులో వేసుకోండి.

సంక్రాంతి దాటాక, జనవరి రెండో సగం నుంచి ఫిబ్రవరి ఆఖరు దాకా మంచి కాలం. రబీ వరి కయ్యల్లో మోకాలెత్తు లేచి ఉంటుంది. చెరువుల్లో నీళ్ళుంటాయి, కొంగలుంటాయి. మార్చిలో కోతలు మొదలవుతాయి. ఏప్రిల్ తర్వాత ఎడగారు పంట నాట్ల మాట వినపడుతుంది గానీ అప్పటికి ఎండ మన చేతిలో ఉండదు. మే నెలలో సైకిలు క్లబ్బు చెయ్యగల మంచిపని ఒకటే, అందరి సైకిళ్ళూ ఓవరాలింగ్‌కి ఇచ్చి మామిడిపళ్ళు తినడం.

గాలి సంగతి చాలామంది పట్టించుకోరు. మనవైపు కొండలు లేవు కదా, తొక్కుడు తేలికే అనుకుంటారు. తీరప్రాంతంలో గాలే కొండ. చలికాలమంతా ఈశాన్యం నుంచి వీస్తుంది. పొద్దున ఆరింటికి ఆకు కదలదు. పొద్దెక్కేకొద్దీ సముద్రపు గాలి తోడై బలం పుంజుకుంటుంది. నెల్లూరు నుంచి మనుబోలుకి దక్షిణంగా పోయేటప్పుడు గాలి వీపున నెడుతుంది. ఏంది, ఇంత బలం మనకెప్పుడొచ్చింది అని అందరూ ఆశ్చర్యపోయి ఇంకో పది కిలోమీటర్లు అదనంగా తొక్కేస్తారు. తిరిగి రావడం పదకొండింటికి, ఎదురుగాలిలో, ఎండలో. క్లబ్బులు విరిగేది సరిగ్గా ఇక్కడే. అందుకే నియమం ఒకటి పెట్టుకోండి. ఒంట్లో సత్తువ ఉన్న పొద్దుటిపూట గాలికెదురు పోవాలి, అలిసిన వేళ గాలి మనల్ని ఇంటికి తేవాలి. గూడూరు వాళ్ళకి ఇది దానంతటదే కుదురుతుంది, మనుబోలు వాళ్ళకి ఉత్తరాన ఉంది కాబట్టి. నెల్లూరు వాళ్ళు కొంచెం బుర్ర పెట్టాలి.

హైవే వద్దు

నెల్లూరు నుంచి మనుబోలుకి జాతీయ రహదారి 16 మీద పాతిక కిలోమీటర్లు. పెద్దవాళ్ళు ఇప్పటికీ ఎన్‌హెచ్ 5 అనే అంటారు. కొత్తవాళ్ళున్న గుంపుని ఆ రోడ్డు మీద తొక్కించడం నాకిష్టం లేదు. చెన్నై లారీలకి కృష్ణపట్నం పోర్టు లారీలు తోడు. జనవరిలో పొద్దున ఏడింటిదాకా మంచు దిగి ఎదుటి బండి కనపడదు. హైవే తొక్కితేనే సైక్లిస్టు అనుకునేవాళ్ళు ఎప్పుడూ ఉంటారు. వాళ్ళని ఇంకో రోజు పొమ్మనండి.

నేను చెప్పే పద్ధతి ఇది. సైకిళ్ళన్నీ ట్రాలీ ఆటోల్లో పడుకోబెట్టి, మధ్యమధ్య గోనె సంచులు దూర్చి, మనుబోలు చేర్చండి. మనుషులు బస్సులో రావొచ్చు, లేదంటే మనుబోలులో ఆగే ప్యాసింజరు రైలు చూసుకోవచ్చు. అందరూ పంచుకుంటే ఆటో బాడుగ తలకి పెద్దగా పడదు. అక్కణ్ణించి తొక్కడం మొదలుపెడితే నలభై కిలోమీటర్లూ పల్లె రోడ్లే. కొమ్మలపూడి, మడమనూరు, పిడూరు, వడ్లపూడి, గురివిందపూడి, ఇలా ఊరి నుంచి ఊరికి అడుగుతూ పోవచ్చు. ఫోనులో మ్యాపు చూపించే అడ్డదారి ఒక్కోసారి కయ్య గట్టు మీద తేలుతుంది. ఎదురొచ్చిన మనిషిని అడగండి. ఊరి పేరే అడగండి, “షార్ట్‌కట్ ఉందా” అని అడక్కండి. ఉందంటారు, మీరు బురదలో దిగుతారు.

ఈ నేలకి రెండు ముఖాలు. తూర్పున పల్లం: వరి కయ్యలు, ఇంకా పోతే రొయ్యల గుంటలు, కండలేరు ఉప్పుటేరు. ఆ నీళ్ళు కృష్ణపట్నం దగ్గర సముద్రంలో కలుస్తాయి. పడమర పొదలకూరు, సైదాపురం దిక్కున మెట్ట: ఎర్రమట్టి, నిమ్మతోటలు, ఒకప్పుడు దేశమంతా పేరున్న మైకా గనుల సీమ. బడిలో చదివిన భూగోళం ఒక్కపూటలో పెడలు కింద అర్థమవుతుంది. రోడ్డు ఎత్తు కొంచెం కొంచెం పెరుగుతున్నప్పుడు నేల రంగు మారడం, వరి పోయి నిమ్మ రావడం బస్సులో కూర్చున్నవాడికి తెలియదు. ఇంకా పడమరకి పోతే కండలేరు జలాశయం, 68 టీఎంసీలది. చెన్నై కుళాయిల్లోకి పోయే తెలుగుగంగ నీళ్ళు అక్కడే ఆగి, 152 కిలోమీటర్ల కాలువలో తమిళనాడు సరిహద్దు దాకా ప్రయాణం చేస్తాయి. 1983లో ఒప్పందమై, 1996లో ఆ నీళ్ళు మొదటిసారి చెన్నై దగ్గరి పూండి జలాశయం చేరాయి. జలాశయం దాకా ఒక్కపూటలో పోయి రావడం కొత్తవాళ్ళ పని కాదు. దాన్ని వచ్చే ఏటికి ఉంచండి.

చలికాలపు గాలి లెక్కన తూర్పు సగం పొద్దున పూర్తిచేసి, పడమటి సగం తర్వాత పెట్టుకోవాలి. మధ్యలో రైలు పట్టాలూ హైవే రెండూ దాటాలి. హైవే దగ్గర అందరూ దిగి, సైకిళ్ళు నడిపించుకుంటూ, ఒక్క దఫాలో దాటండి. సగంమంది అవతల సగంమంది ఇవతల ఉండి చేతులూపుకోవడం ప్రమాదం.

లెక్క ఇలా వెయ్యండి. నలభై కిలోమీటర్లు, గంటకి పదిహేను, అంటే రెండు గంటల నలభై నిమిషాల తొక్కుడు. టిఫినుకి ముప్పావుగంట, టీకి పావుగంట, రెండు పంక్చర్లకి నలభై నిమిషాలు, ఫోటోల పిచ్చికి ఇంకో అరగంట. దగ్గర దగ్గర అయిదు గంటలు. ఆరున్నరకి బయల్దేరితే పదకొండున్నరకి మళ్ళీ మనుబోలు సెంటర్లో ఉంటారు. తొక్కే గంటలు మాత్రమే లెక్కేసి ‘తొమ్మిదిన్నరకల్లా వచ్చేస్తా’ అని ఇంట్లో చెప్పి వచ్చినవాడు పదింటి నుంచీ ఫోను చూసుకుంటూ తొక్కుతాడు. గుంపంతటికీ తొందర అంటిస్తాడు.

ముందొకడు, వెనకొకడు

గుంపుకి ఇద్దరు ముఖ్యం. ముందుండేవాడు దారి తెలిసినవాడై ఉండాలి. అంతకుమించి అతనికి ఏమీ అక్కర్లేదు. తోకన ఉండేవాడు మాత్రం క్లబ్బులోకెల్లా గట్టి మనిషై ఉండాలి. సాధారణంగా మనం చేసేది దీనికి తలకిందులు. గట్టివాణ్ణి ముందు పెడతాం, వెనక ఎవరు మిగిలితే వాళ్ళు మిగులుతారు. తోకన ఉన్నవాడి సంచిలో గాలి పంపు, ట్యూబులు, స్పానర్లు, కట్టుగుడ్డ, ఒక లీటరు అదనపు నీళ్ళు ఉంటాయి. ఇవన్నీ ముందువాడి దగ్గరుంటే లాభం లేదు. పంక్చరైనవాడు ఎప్పుడూ వెనకే మిగులుతాడు.

నిదానంగా తొక్కేవాళ్ళని చివర ఉంచకండి. ముందువాడికి సరిగ్గా వెనక, రెండో స్థానంలో ఉంచండి. ఎదురుగాలిని ముందువాడి వీపు కాస్తుంది, శ్రమ బాగా తగ్గుతుంది. పైగా ముందువాడికి తన వెనక ఊపిరి చప్పుడు వినపడుతుంటుంది, వేగం తనకు తానే తగ్గించుకుంటాడు.

దీనికంటే ముఖ్యమైనది ఆగినప్పుడు జరిగేది. ముందున్న ఆరుగురు టీ కొట్టు దగ్గర ఆగుతారు. సైకిళ్ళు స్టాండేసి, టీ తాగి, కాళ్ళు చాపుకుని, ఊరివాళ్ళతో మాట్లాడి, పది నిమిషాలు సేద తీరుతారు. అప్పుడు చివరి మనిషి చెమటలు కారుస్తూ వస్తాడు. “హమ్మయ్య, వచ్చావా, ఇంక పోదామా?” అని అందరూ లేస్తారు. అంటే ఎవరికి విశ్రాంతి ఎక్కువ కావాలో అతనికి అసలు దొరకలేదు. ఇలా మూడు చోట్ల జరిగిందంటే మరుసటి ఆదివారం ఆ మనిషి రాడు. ముందువాళ్ళు చెడ్డవాళ్ళు కారు, ఎవరికీ ఆ లెక్క తట్టదంతే. నియమం పెట్టుకోండి. చివరి సైకిలు స్టాండు పడ్డాకే విశ్రాంతి లెక్క మొదలు. ముందొచ్చినవాళ్ళు అదనంగా కూర్చున్నది వాళ్ళ అదృష్టం.

ఇంకో సంగతి. నిదానంగా తొక్కే మనిషి కచ్చితంగా ఒక మాట అంటాడు: “పర్లేదన్నా, మీరు పోతా ఉండండి, నేను మెల్లిగా వస్తా.” ఆ మాట నమ్మకండి. అది మర్యాద కోసం అనే మాట, ఇంటికొచ్చిన చుట్టం “నాకేం వద్దమ్మా” అన్నట్టు. “మేమూ మెల్లిగానే పోతున్నాం, పద” అంటే సరిపోతుంది. జాలి చూపించొద్దు, వీపు తట్టొద్దు, ‘బాగా తొక్కుతున్నావే’ అని చిన్నపిల్లాణ్ణి మెచ్చుకున్నట్టు మెచ్చుకోవద్దు. పక్కనుండి ఏ సినిమా గురించో రొయ్యల రేటు గురించో మాట్లాడండి. మాట్లాడుతూ తొక్కగలుగుతున్నాడంటే వేగం సరిగ్గా ఉన్నట్టు. మాట ఆగి ‘ఊఁ, ఊఁ’ మాత్రమే వినపడుతుంటే ఎక్కువైనట్టు. ఇంతకంటే మంచి మీటరు ఏ గడియారంలోనూ లేదు.

మలుపుల దగ్గర ఒకణ్ణి నిలబెట్టండి. తోక మనిషి వచ్చేదాకా వాడు కదలకూడదు. రైలు గేటు పడి గుంపు రెండు ముక్కలైతే, దాటినవాళ్ళు గేటు కనిపించేంత దూరంలోనే నీడ చూసుకుని ఆగాలి. చెన్నై–విజయవాడ మెయిన్ లైను మీద ఒక గూడ్సు పోయి గేటు లేస్తుందనుకుంటే వెనకే ఎక్స్‌ప్రెస్సు వస్తుంది. విసుగు పడకండి. ఆగిన ప్రతిచోటా ‘అందరూ వచ్చారా’ అని అరవడం దండగ, రానివాడు జవాబు చెప్పడు. పొద్దునే తలా ఒక అంకె ఇచ్చి, ఆగినప్పుడల్లా ఒకటి నుంచి వరసగా చెప్పించండి. చిన్నపిల్లల బడిలా ఉంటుంది గానీ బాగుంటుంది. అరవడం తప్పనిసరైతే మూడు మాటలు చాలు: “వెనక బండి”, “ఎదురు బండి”, “గుంత”.

పంక్చరు

ఈ రోడ్ల మీద టైర్లకి శత్రువులు ఇద్దరు: సర్కారు తుమ్మ ముల్లు, పల్లేరు కాయ. ట్రాక్టర్లకి కంప కట్టి లాక్కుపోయిన చోట ముళ్ళు తారులో కలిసిపోయి కనపడవు. రోడ్డు అంచున దిగి ఫోటో తీసుకుని వచ్చిన సైకిలుకి పల్లేరు కాయలు వరసగా అంటుకుంటాయి.

ట్యూబు మార్చడం అందరికీ తెలుసంటారు. మార్చిన అయిదు నిమిషాలకి మళ్ళీ గాలి పోయిందంటారు. జరిగింది ఏమిటంటే ముల్లు టైరులోనే ఉంది. చక్రం ఊడదీశాక తొందరపడకండి. పాత ట్యూబులో కొంచెం గాలి కొట్టి చెవి దగ్గర పెట్టుకుంటే బుస్సుమనే చోటు తెలుస్తుంది. చెవికి తెలియకపోతే పెదవి దగ్గర పెట్టండి, చల్లగా తగులుతుంది. ఊరి దగ్గరైతే బక్కెట్టు నీళ్ళు అడగండి, ఎవరూ కాదనరు. కన్నం వాల్వు నుంచి ఎంత దూరంలో ఉందో చూసి, టైరులో సరిగ్గా అంత దూరంలో వెతకాలి. బయటి నుంచి కాదు, లోపలి నుంచి. టైరు లోపలి వైపు వేళ్ళు నిదానంగా జరపండి. వేగంగా తిప్పితే ముల్లు వేలిని చీరుతుంది. చిన్న గుడ్డ ముక్కతో తుడిచినా చాలు, ముల్లున్న చోట దారం పట్టుకుంటుంది. ముల్లు బయటికి విరిగిపోయి, లోపల నూకగింజంత మొన మాత్రమే మిగిలి ఉంటుంది. దాన్ని గోటితో కాదు, చిన్న పట్టకారుతో లాగాలి. తీశాక ఇంకోసారి టైరంతా తడిమి చూడండి. పల్లేరు కాయ ఒక్కచోట గుచ్చుకుని ఊరుకోదు. కొత్త ట్యూబులో ముందే కొద్దిగా గాలి పెట్టి గుండ్రంగా చేసి దూరిస్తే మడత పడదు. చివరిగా టైరు అంచుని బొటనవేళ్ళతోనే ఎక్కించండి. స్పానరుతో ఎత్తబోతే కొత్త ట్యూబుకి మీరే కన్నం పెడతారు.

ఈ పని జరుగుతున్నప్పుడు చుట్టూ పదిమంది చేరి సలహాలు చెప్పకూడదు. ఒకడు చెయ్యాలి, ఒకడు పట్టుకోవాలి, మిగతావాళ్ళు నీడన కూర్చోవాలి. సైకిలు ఎవరిదో ఆ మనిషి చేతే చేయించండి, పావుగంట ఎక్కువైనా సరే. తోక మనిషి పక్కన కూర్చుని నోటితో చెప్పాలి, చేతులు పెట్టకూడదు. చేతులు పెట్టకుండా ఉండడం ఎంత కష్టమో చేసి చూడండి.

సీటు ఎత్తు ఒక్కమాటలో. సీటు మీద కూర్చుని పెడలు కిందికొచ్చినప్పుడు మడమ ఆనిస్తే కాలు నిటారుగా చాచుకోవాలి. మనవాళ్ళలో సగంమంది సీటు మరీ కిందికి పెట్టుకుని మోకాళ్ళ నొప్పులని సైకిలు మీద నెపం వేస్తారు. హెల్మెట్టు గురించి వాదన పెట్టుకోను. లేనివాణ్ణి రానివ్వకండి.

తిండి, నీళ్ళు, ఇంకో అవసరం

దాహమయ్యాక తాగడం ఆలస్యం. పావుగంటకోసారి రెండు గుక్కలు, గంటకి అరలీటరు పైన. చెమటతో పోయేది ఉప్పు కూడా కాబట్టి ఉత్త నీళ్ళే తాగుతూ పోతే తొమ్మిదింటికి తల నొప్పి, పిక్కలు పట్టేయడం. గూడూరు పేరుబడ్డ నిమ్మ మార్కెట్టు. ఆ పక్కనే తిరుగుతూ రంగునీళ్ళ సీసాలు కొనడం నాకు అర్థం కాదు. లీటరు నీళ్ళకి ఆరు చెంచాల చక్కెర, అర చెంచా ఉప్పు, చెంచాలు తలకొట్టి కొలవాలి. ఇది ఓఆర్‌ఎస్ కొలత. దాంట్లో ఒక నిమ్మకాయ పిండుకోండి.

టిఫిను కడుపు నిండా వద్దు. కారం దోశ, వేడివేడి పులిబొంగరాలు ఎంత ఊరించినా రెండుతో ఆపి, జేబులో అరటిపళ్ళు, వేరుశనగ ఉండలు పెట్టుకుని గంటకోసారి కొంచెం కొంచెం తినాలి. చేపల పులుసు తిరుగు ప్రయాణం అయ్యాకే. పులుసు తిని గాలికెదురు తొక్కినవాడి అవస్థ ఇక్కడ రాయదగ్గది కాదు.

మరుగుదొడ్డి సంగతి మగవాళ్ళే దారి గీసిన క్లబ్బుల్లో ఎవరికీ గుర్తుండదు. ఆడవాళ్ళు నీళ్ళు తాగడం మానేసి తొక్కుతారు, కళ్ళు తిరిగి పడిపోతారు, ‘ఆడవాళ్ళకి ఓపిక తక్కువ’ అనే ముద్ర మిగులుతుంది. హైవే మీద పెట్రోలు బంకులున్నాయి. తూర్పు సగం అయ్యి హైవే దాటేటప్పుడు బంకు దగ్గర అందరికీ ఆపు పెట్టండి. ‘ఎవరికైనా అవసరమా’ అని అడిగి ఇబ్బంది పెట్టకండి, ఆపేయండి చాలు.

సైకిలుకీ ఆడవాళ్ళకీ మన పొరుగున పెద్ద కథే ఉంది. 1990ల మొదట్లో తమిళనాడు పుదుక్కోట్టై జిల్లాలో అక్షరాస్యతా ఉద్యమంతో పాటు ఊళ్ళలో ఆడవాళ్ళకి సైకిలు నేర్పారు. వేలల్లో కాదు, లక్షకి పైగా నేర్చుకున్నారంటారు. వెక్కిరింతలు పడుతూనే నేర్చుకున్నారు. సరిగ్గా ఆ రోజుల్లోనే మన నెల్లూరు జిల్లాలో అక్షరదీపం తరగతుల్లో కూర్చున్న ఆడవాళ్ళు దూబగుంటలో సారా అంగడి మూయించారు. ఆ నిప్పు జిల్లాలు దాటి, 1993లో సారా నిషేధం దాకా పోయింది. రెండు చోట్లా మొదట జరిగింది ఒకటే, పదిమంది ఆడవాళ్ళు పనులు ముగించుకుని ఒక వేళకి ఒక చోట చేరడం. మీ క్లబ్బు ఆదివారం పొద్దున్నే అయిదింటికి రమ్మంటే ఇంట్లో టిఫిను ఎవరు చేస్తారు? ఆ ప్రశ్నకి జవాబు మగ సభ్యుల ఇళ్ళల్లో తేలాలి.

ఊళ్ళ మీదుగా పోయేటప్పుడు

మార్చి దాటి పోతే పల్లె రోడ్డు సగం మీ సొంతం కాదు, వడ్లది. కోసిన పంట రోడ్డు మీద ఆరబోసి ఉంటుంది, అంచున రాళ్ళు పేర్చి ఉంటాయి. లారీలే పక్కకి తప్పుకునిపోతాయి, మీరు సైకిలు దిగి నడవడానికి నామోషీ పడకండి. గింజల మీద టైరు ఎక్కితే మీకు జారుడు, వాళ్ళకి నూక. కాపలా ఉన్న ముసలాయన చేత్తో గింజ కొరికి చూసుకుంటుంటాడు. టక్కుమని విరిగితే ఆరినట్టు, మెత్తగా నలిగితే ఇంకో ఎండ కావాలి. ఆ కొరుకుడు ఒకసారి మీరూ అడిగి చూడండి, ఇస్తాడు. ధర సంగతి మాత్రం ఆయన ఎత్తేదాకా ఎత్తకండి.

రొయ్యల గుంటల గట్లెక్కకండి. వైరస్సు భయంతో వాళ్ళు చుట్టూ వలలు కట్టుకుని, పక్షులకి కూడా దారాలు లాగి ఉంటారు. ఏ గుంటలో తొక్కిన బురద కాళ్ళతో పక్క గుంటకి పోతారో వాళ్ళకి తెలియదు కదా. నీళ్ళు చిమ్ముతూ తిరిగే చక్రాలు రోడ్డు మీది నుంచే బాగా కనిపిస్తాయి.

కుక్క తరిమితే వేగం పెంచకండి. దిగి, సైకిలు మధ్యన అడ్డం పెట్టి నిలబడండి. అది ఊరి పొలిమేర దాకా గొణుక్కుంటూ వచ్చి ఆగిపోతుంది.

ఊళ్ళో మిమ్మల్ని చూసి ఒకాయన తప్పకుండా అంటాడు: “ఏంది సామీ, కార్లుండి సైకిళ్ళెక్కినారే, పెట్రోలుకి దుడ్లు లేవా?” నవ్వండి. ఆయన చిన్నప్పుడు ఆ సైకిలు మీదే వడ్ల మూట మిల్లుకేసి ఉంటాడు. సైకిలు ఆయనకి కష్టం, మీకు సరదా. ఆ తేడా ఆయనకి తెలుసు, మీరూ మరిచిపోకూడదు. పోటీ తొక్కుడుకి బడి పిల్లలు వెంటపడతారు. ఓడిపోండి.

తిరిగిరావడం

బయల్దేరకముందే ఒక గడియ ఖాయం చెయ్యండి. తొమ్మిదింబావు అనుకుందాం. అప్పటికి తూర్పు సగం పూర్తి కాకపోతే పడమటి సగం రద్దు. అక్కడికక్కడ ఓటింగు పెట్టొద్దు. ఓటింగులో ఎప్పుడూ ఓపికున్నవాళ్ళ గొంతే గెలుస్తుంది, అలిసినవాడు ‘మీ ఇష్టం’ అంటాడు. ఆ నిర్ణయం తోక మనిషిది, అతను ‘వెనక్కి’ అంటే వెనక్కే, కారణం అడగకూడదు. ఎవరికైనా ఛాతీలో నొప్పి, తల తిరుగుడు, చెమట ఆగిపోయి ఒళ్ళు కాలడం కనిపిస్తే లెక్కలేవీ వద్దు. నీడకి చేర్చి 108కి ఫోను చెయ్యండి. ఫోనులో ‘మనుబోలు దగ్గర’ అంటే చాలదు. ఏ ఊరికీ ఏ ఊరికీ మధ్య, గుడి పక్కనా బడి పక్కనా అన్నది చెప్పాలి. అందుకే దాటిన ఊళ్ళ పేర్లు వరసగా గుర్తుపెట్టుకునే పని ఒకరికి ముందే అప్పగించండి.

ఇళ్ళు చేరాక గ్రూపులో కిలోమీటర్లూ వేగాలూ పెట్టే అలవాటు మానండి. ఎవరు ఎంత వేగంగా తొక్కారో పట్టీ వెయ్యగానే పొద్దుటి నుంచి చేసిన పనంతా పోతుంది. చివరి మనిషి ఇల్లు చేరినట్టు తోక మనిషి ఒక్క ముక్క పెడితే చాలు.

ఈ ఫిబ్రవరిలోనే ఒక ఆదివారం ఖాయం చేసుకోండి. మీ క్లబ్బులో ఎప్పుడూ అందరికంటే ముందు దూసుకుపోయే మనిషి ఒకరుంటారు. బహుశా ఈ పుస్తకం చదువుతున్న మీరే కావచ్చు. ఆ రోజు గాలి పంపు సంచి మీరు భుజాన వేసుకోండి.